బెల్టు విప్పు, కోటు కప్పు: కరాటే డ్రెస్‌తో బయట తిరగాల్సి వస్తే

హాలు గుమ్మం దాటే ముందు బెల్టు విప్పి సంచిలో పెట్టాలి. తెల్ల కరాటే కోటు మీద ఏదో ఒకటి కప్పుకోవాలి. కింద తెల్ల ప్యాంటు కనబడితే నాకు అభ్యంతరం లేదు. క్లాసులో చేరిన రోజునే పిల్లలకీ, వాళ్లని దింపడానికి వచ్చే అమ్మానాన్నలకీ నేను చెప్పే రూలు ఇదే. చిన్నవాళ్లకి గుర్తుండాలని ‘బెల్టు విప్పు, కోటు కప్పు’ అని పాటలా నేర్పాను. మా ఒడియా పిల్లలు కూడా తెలుగులోనే అరుచుకుంటూ మెట్లు దిగుతారు.

నేను కరాటే నేర్పేది ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో. కల్యాణమండపం మేడ మీద హాలు అద్దెకి తీసుకున్నాం. పెళ్లిళ్ల సీజన్ వస్తే అదీ చేతికి దొరకదు, స్కూలు గ్రౌండే గతి. పిల్లల్లో కొందరు ఈ ఊరివాళ్లు, కొందరు సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం నుంచి షేర్ ఆటోల్లో వస్తారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ‘డ్రెస్ హాల్లోనే వేసుకోవాలి, హాల్లోనే విప్పాలి, బయట అస్సలు కనబడకూడదు’ అనే రూలు పెద్ద ఊళ్లలో, బట్టలు మార్చుకునే గదులు ఉన్నచోట బాగానే నడుస్తుంది. మా మేడ మీద ఉన్నది ఒకే బాత్‌రూమ్. దాని గడియ సరిగ్గా పడదు. ఆడపిల్లని అందులో బట్టలు మార్చుకోమని నేను చెప్పను. కాబట్టి రూలే మనకి తగ్గట్టు మారాలి.

మడి కాదు, మర్యాద

ముందు ఒక అపోహ పక్కన పెడదాం. కరాటే డ్రెస్ పట్టుబట్ట కాదు, దానికి మడీ లేదు. జిగోరో కానో 1882లో టోక్యోలో కొడోకాన్ అనే శిక్షణశాల పెట్టి జూడో నేర్పడం మొదలుపెట్టాడు. పట్టుకుని లాగినా చిరగని గట్టి కోటు ఆ జూడోలోంచే వచ్చింది. కరాటే పుట్టిన ఒకినావా దీవిలో దాన్ని నేర్చుకునేవాళ్లకి మొదట్లో ప్రత్యేకమైన డ్రెస్సంటూ లేదు, ఇంట్లో కట్టుకునే తేలికపాటి బట్టలతోనే సాధన చేసేవారు. ఒకినావా మాస్టర్ ఫునకోషి గిచిన్ 1922లో టోక్యో వెళ్లి కరాటే ప్రదర్శించాక, జూడో వాళ్ల పద్ధతి చూసి కరాటే వాళ్లూ తెల్ల డ్రెస్‌లోకి, బెల్టుల్లోకి వచ్చారు. అంటే ఇది పనిబట్ట. పనిబట్టకి ఉండాల్సిన గౌరవం దానికి ఉంటే చాలు.

బెల్టు ఉతకకూడదని, ఉతికితే విద్య పోతుందని కొందరు సీనియర్లు చెబుతారు. తెల్ల బెల్టే ఏళ్ల తరబడి మాసి నల్ల బెల్టు అయిందని ఒక కథ కూడా ప్రచారంలో ఉంది. అది వట్టి కథ. మా ఉక్కపోతలో నెల రోజులు చెమట పట్టిన బెల్టుని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆ కథ మీద నమ్మకం దానంతటదే పోతుంది. చల్లటి నీళ్లలో విడిగా ఉతికి నీడలో ఆరేయండి. రంగు కాస్త దిగుతుంది, దిగనివ్వండి.

మరి పవిత్రత లేనప్పుడు బయట వేసుకుంటే ఏం పోయింది అంటారు. నాకు రెండు కారణాలున్నాయి.

ఒకటి మురికి. మేం చెప్పులు లేకుండా సాధన చేస్తాం, కిందపడతాం, నేల మీద చేతులు ఆన్చి పుష్-అప్స్ తీస్తాం. ఆటో సీటు మీద, బండి టైరు పక్కన, చేపల బజారు దారిలో తిరిగొచ్చిన బట్టతో అదే నేల మీద దొర్లితే ఆ మురికి పక్క పిల్ల ముఖానికి అంటుతుంది.

రెండోది పేరు. ఒంటి మీద బెల్టు ఉన్నంతసేపూ నువ్వు ఏం చేసినా ‘కరాటే వాళ్లు చేశారు’ అనే అంటారు. ట్యూషన్ ఎగ్గొట్టి గాలిపటం ఎగరేసినా అంతే.

ఇక్కడి పాత తాలింఖానాలు, అంటే కుస్తీ, కసరత్తు నేర్పే చోట్లు, చూసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడి పేరు మా వైపు ఇప్పటికీ ముసలివాళ్ల నోట వినబడుతుంది. ఆ కాలపు వస్తాదులు గోదాలో లంగోటా బిగించేవారు గానీ, బజారుకి పంచె కట్టుకునే వెళ్లేవారు.

బెల్టే ఎందుకు ముందు విప్పాలి

రోడ్డు మీద తెల్ల కోటూ ప్యాంటూ చూసి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఎవడో కాంపౌండర్ అనుకుంటారు. కంటికి ఆనేది బెల్టే, అందులోనూ రంగు బెల్టు.

సాయంత్రం ఏడున్నరకి మా వీధి చివర బొరా (గారెలు), ఘుగుని (బఠాణీల కూర) అమ్మే బండి దగ్గర జరిగేది చెబుతాను. గ్రీన్ బెల్టు కుర్రాడొకడు డ్రెస్‌తోనే వెళ్లి ప్లేటు అందుకుంటాడు. పక్కన బైకుల మీద కూర్చున్న పెద్ద కుర్రాళ్లలో ఒకడు, “ఏటిరా గ్రీనూ, ఒక కిక్కు కొట్టి చూపించు” అంటాడు. వీడు నవ్వి ఊరుకుంటాడు. రెండోవాడు, “రంగు కొనుక్కున్నాడ్రా” అంటాడు. వీడి చెవులు ఎర్రబడతాయి, చేతిలో ప్లేటు కింద పెట్టేస్తాడు. అక్కడి నుంచి వ్యవహారం ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. అదే కుర్రాడు మామూలు చొక్కాతో వెళ్తే వాడికి ఘుగుని దొరికేది, ఇంటికెళ్లి హోంవర్క్ చేసుకునేవాడు. ఆత్మరక్షణ అంటే గొడవ వచ్చాక కొట్టడం అనుకుంటారు చాలామంది. గొడవకి చిరునామా ఇవ్వకపోవడం అందులో మొదటి పాఠం అని నా లెక్క.

ఇంకో సంగతి. ప్రపంచ కరాటే సమాఖ్య రూల్స్ ప్రకారం జరిగే పోటీల్లో కుమితే, అంటే ఇద్దరు తలపడే పోటీ, ఆడేటప్పుడు ఒకరికి ఎర్ర బెల్టు, ఇంకొకరికి నీలం బెల్టు. సొంత గ్రేడు బెల్టు విప్పి పక్కన పెట్టే చాప ఎక్కాలి. అంత పెద్ద పోటీలోనే గ్రేడు కనబడక్కర్లేనప్పుడు ఘుగుని బండి దగ్గర ఎందుకు?

నల్ల బెల్టు బిగించుకుని బైకు మీద ఊరంతా తిరిగే మాస్టార్లూ ఉన్నారు. అది క్లాసుకి ప్రచారం అంటారు. నాకైతే ఏ తల్లీ ఆ బైకు చూసి పిల్లని చేర్చినట్టు కనబడలేదు.

ఆడపిల్లలు ఇంటి నుంచే వేసుకొస్తే

ఈ భాగం అమ్మలు కూడా చదవాలి.

మా క్లాసుకి వచ్చే ఆడపిల్లలందరూ ఇంటి నుంచే డ్రెస్ వేసుకొస్తారు. అదే సరైన పద్ధతి అంటాను నేను. లోపల తెల్లటి ప్లెయిన్ టీషర్ట్ తప్పనిసరి. పోటీల రూల్స్‌లో కూడా అమ్మాయిలకి కోటు లోపల తెల్ల టీషర్ట్ అనుమతే కాబట్టి, ‘ఇది రూలు కాదు’ అని ఎవరైనా అంటే వినక్కర్లేదు. కోటు లోపలి వైపు పక్కన చిన్న నాడాలుంటాయి, అవి ముడి వేయండి. అవి వదిలేసి ఒక్క బెల్టు మీదే ఆధారపడితే, బెల్టు విప్పగానే కోటు తెరుచుకుంటుంది.

పైన ఏం కప్పాలి? చున్నీ వద్దు. గాలికి ఎగురుతుంది, బండి చక్రంలో చిక్కుకుంటుంది. ముందు జిప్ ఉన్న కాటన్ జాకెట్ అన్నిటికన్నా మేలు. లేకపోతే అన్నయ్యదో నాన్నదో పాత చొక్కా, తొడల దాకా వచ్చేది. చలికాలంలో స్కూలు స్వెట్టర్, వానాకాలంలో రెయిన్‌కోట్. పొడుగు కుర్తీ కూడా పనికొస్తుంది గానీ దాన్ని తల మీంచి తొడగాలి, విప్పేటప్పుడు కింద కోటు పైకి లేస్తుంది. జిప్‌తో ఆ బాధ లేదు. హాల్లోకి రాగానే విప్పి కొక్కేనికి తగిలించెయ్యొచ్చు.

వీధి అరుగుల మీద మామ్మలకి ఇదొక కాలక్షేపం. “ఏటే గుంటా, ఈ పంజాబీ డ్రెస్సుకి చున్నీ ఏదే?” అని అడుగుతారు. “కరాటేకి వెళ్తన్నాను మామ్మా” అని చెప్పి నడిచిపోతే చాలు. మా పిల్లల్లో ఒకత్తి అలా రోజూ సమాధానం చెప్పీ చెప్పీ చివరికి ఆ మామ్మ మనవరాలిని కూడా క్లాసుకి తీసుకొచ్చేసింది. ప్రచారమంటే ఇదీ, నల్ల బెల్టూ బైకూ కాదు.

నెలసరి సంగతి నేరుగా చెప్పేస్తాను, దాచిపెట్టడానికి ఏం లేదు. తెల్ల ప్యాంటు అనగానే పెద్ద పిల్లలకి అదే టెన్షన్. చాలామంది ఎనిమిదో తరగతిలో మానేసేది చదువు వల్ల అని ఇంట్లో చెబుతారు గానీ, కదిపి చూస్తే ఈ తెల్ల ప్యాంటే బయటపడుతుంది. మా క్లాసులో ఆ రోజుల్లో నల్ల ట్రాక్ ప్యాంటు వేసుకోవచ్చు. ముందుగా చెప్పక్కర్లేదు, ఎందుకని ఎవరూ అడగరు. అబ్బాయిలు గుసగుసలాడకుండా ఉండాలని, వాళ్లలో ఎవడి ప్యాంటు ఆరకపోయినా నల్ల ట్రాక్‌తో రమ్మని చెప్పేశాను. వానాకాలంలో సగం మంది నల్ల ప్యాంట్లలోనే ఉంటారు, ఏది దేనికో ఎవరికీ తెలియదు. తెల్లదే వేసుకోవాల్సిన గ్రేడింగ్ (బెల్టు పరీక్ష) రోజైతే లోపల ముదురు రంగు సైక్లింగ్ షార్ట్స్ వేసుకుంటే దారిలో కూడా ధైర్యంగా ఉంటుంది. వేరే క్లాసుల మాస్టార్లు ఈ ఒక్క పద్ధతి కాపీ కొట్టినా నాకు సంతోషమే.

మడత, సంచి, మరక

హాల్లో బట్టలు మార్చుకునే వీలున్న అబ్బాయిలకి: కోటుని నేల మీద పరిచి చేతులు రెండూ లోపలికి మడవండి. ప్యాంటుని నిలువుగా సగానికి మడిచి కోటు మధ్యలో పెట్టండి. బెల్టుని నాలుగు మడతలు చేసి ఆ ప్యాంటు మీద ఉంచండి. తర్వాత కోటు రెండు పక్కలూ మూసి, కింద నుంచి మెడ వైపు చాపలా చుట్టండి. ఆ చుట్టని బయటి నుంచి బెల్టుతో కట్టి భుజానికి వేలాడదీసుకోవడం సినిమాల్లో బాగుంటుంది. కానీ బెల్టు అందరికీ కనబడటానికి ఒంటి మీదే ఉండాలని ఏముంది, భుజం మీద ఉన్నా ఒకటే. లోపలే ఉంచండి. సైకిల్ హ్యాండిల్‌కి బెల్టు చుట్టుకునేవాళ్లకీ, మెడలో కండువాలా వేసుకునేవాళ్లకీ ఇదే మాట.

సంచి గుడ్డదే అయి ఉండాలి. పాత దిండు గలీబు చాలు. చెమటతో తడిసిన డ్రెస్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి మర్నాటి దాకా మర్చిపోతే జులైలో నల్ల బూజు మచ్చలు వస్తాయి. అవి ఇక ఏం చేసినా పూర్తిగా పోవు.

తినాల్సి వస్తే కోటు విప్పి, లోపలి టీషర్ట్‌తో తినండి. ఘుగుని పడనే పడింది అనుకుందాం. సబ్బు పెట్టగానే పసుపు మరక ఎర్రగా మారుతుంది. అది చూసి అమ్మలు కంగారుపడి బ్లీచ్ పోసేస్తారు. సబ్బులో ఉండే క్షారం వల్ల పసుపు అలా రంగు మారుతుంది, అంతే. బాగా జాడించి ఎర్రటి ఎండలో ఆరేయండి. రెండు మూడు ఉతుకుల్లో వెలిసిపోతుంది. బ్లీచ్ పోస్తే మరకతోపాటు ఛాతీ మీద బ్యాడ్జి రంగూ పోతుంది. కుంకుమ మాత్రం మొండిది. అందుకే దసరాకి ఆయుధ పూజలో ప్యాడ్లూ, కర్రలూ పెట్టండి గానీ తెల్ల కోటు పెట్టకండి.

వేసుకోదగ్గ చోట్లు, వేసుకోకూడని చోట్లు

ఆగస్టు 15, జనవరి 26, ఏప్రిల్ 1న ఉత్కళ దివస్ లాంటి రోజుల్లో ప్రదర్శన ఇవ్వమని పిలిస్తే పూర్తి డ్రెస్, బెల్టుతో సహా వేసుకోవచ్చు. అప్పుడు ఆ గ్రౌండే మన హాలు. ప్రదర్శన అయిపోయిందా, బెల్టు విప్పాల్సిందే. చాక్లెట్ పంచేదాకా ఆగొచ్చు లెండి. తెల్లవారుజామున అందరం కలిసి చేసే రన్నింగ్‌కీ, ఆరుబయట సాధనకీ డ్రెస్ సరే, బెల్టు మాత్రం గ్రౌండ్‌కి చేరాకే. రథయాత్రలోనో వినాయకుడి ఊరేగింపులోనో కర్రసాము, కతా (వరసగా చేసే కరాటే కదలికలు) చేసి చూపించే బృందంలో ఉంటే వేసుకోండి. ఊరికే జనంలో నడవడానికైతే వద్దు.

పెళ్లికి వద్దు. సినిమాకి వద్దు. క్లాసు నుంచి నేరుగా గుడికి వెళ్లే అలవాటు పాతపట్నం పిల్లలకి ఉంది, నీలమణి దుర్గమ్మ గుడి వాళ్ల దారిలోదే. అమ్మవారు ఏమీ అనుకోదు గానీ, చెమట కంపుతో క్యూలో నిలబడితే పక్కవాళ్లు అనుకుంటారు. ఇంటికెళ్లి స్నానం చేసి వెళ్లండి. ఫ్యాన్సీ డ్రెస్ పోటీకి చెల్లెలు కోటు అడిగితే ఇవ్వొచ్చు, బెల్టు ఇవ్వొద్దు. దాని బదులు ఒక రిబ్బను కట్టండి, జడ్జీలకి తేడా తెలియదు.

రాజకీయ నాయకుడి స్వాగతానికి పిల్లల్ని డ్రెస్‌లో వరసగా నిలబెట్టమని అడుగుతారు. ఎన్నికల ఏడాదైతే రెండు వైపుల నుంచీ, రెండు రాష్ట్రాల నుంచీ అడుగుతారు. నేను చెప్పే జవాబు ఒకటే: “ప్రదర్శనకి పిలవండి, అర్ధగంట టైమివ్వండి, వస్తాం. పూలు చల్లడానికి రాం.” అలా చెప్పాక పిలిచినవాళ్లు తక్కువ. పిల్లలు ఎండలో నిలబడి సొమ్మసిల్లకుండా ఉన్నారు, నాకది చాలు.

రీల్స్ గురించి: హాల్లో, గ్రౌండ్‌లో, మాస్టర్‌కి చెప్పి తీసుకోండి. డ్రెస్‌తో రైలు పట్టాల మీద కిక్కులు కొట్టడం, ఎవడినో ఉత్తుత్తిగా చితక్కొట్టే కామెడీ తీయడం కుదరదు. క్లాసు బ్యాడ్జి కనబడుతుంటే ఆ వీడియో మీ ఒక్కరిదే కాదు.

వీపు మీద పేర్లు

దుకాణంలో కొన్న కోటు మీద వెనక ‘ఇండియా’ అని పెద్ద అక్షరాలు అచ్చేసి వస్తాయి. ఆరేళ్ల పిల్లాడికి అది ముద్దుగానే ఉంటుంది. కానీ దేశం జట్టుకి ఎంపికైన వాళ్లు వేసుకునే మాట అది. ప్లెయిన్ కోటు అడిగి కొనండి. రాష్ట్రం పేరు విషయంలో మాకు ఇంకో చిక్కుంది. ఒకే హాల్లో పక్కపక్కన నిలబడే ఇద్దరిలో ఒకరు ఒడిశా తరఫున, ఇంకొకరు ఆంధ్ర తరఫున ఆడతారు. పోటీకి వెళ్లొచ్చాక ఆ జాకెట్ వేసుకుని క్లాసుకి వస్తే మొదటి రోజు సరదా, మూడో రోజు గ్రూపులు. అందుకే ఆ జాకెట్లు పోటీల వరకే అని చెప్పేశాను.

జెండా విషయంలో చట్టమే ఉంది. జాతీయ గౌరవానికి అవమానాలు జరగకుండా 1971లో చేసిన చట్టాన్ని 2005లో సవరించారు. దాని ప్రకారం నడుము కింద వేసుకునే దుస్తుల్లో జాతీయ జెండా వాడకూడదు. ఛాతీ మీద చిన్న జెండా గుర్తు సరే. ప్యాంటు పక్కన కుట్టించుకున్నది మాత్రం ఇవాళే ఊడదీయండి. మూడు రంగుల బెల్టులు కూడా అమ్ముతున్నారు. అవీ కొనొద్దనే నేను చెబుతాను.

కొన్ని క్లాసుల్లో మిలిటరీ మచ్చల ప్యాంటు ఇస్తున్నారు. మా కొండల్లో బలగాలు తిరిగే దారులున్నాయి. అలాంటి చోట ఆ బట్టలతో సాయంత్రం పూట సైకిల్ మీద వెళ్లే కుర్రాడిని ఆపి ప్రశ్నలు వేయడం మామూలే. సైనికుడినని నమ్మించే ఉద్దేశంతో అలాంటి దుస్తులు వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద నేరం కూడా. పిల్లాడికి ఆ ఉద్దేశం ఉండదు నిజమే, కానీ రోడ్డు మీద దాన్ని వివరించుకునే పరిస్థితి ఎందుకు తెచ్చుకోవాలి? గొలుసుతో కలిపిన రెండు కర్రల నంచాకూ కూడా అంతే, సంచిలో ఉండాలి, చేతిలో కాదు.

పోటీలకి వెళ్లేటప్పుడు

బరంపురమో భువనేశ్వరో వెళ్లేటప్పుడు బస్సులో, రైల్లో ట్రాక్ సూట్‌తోనే ప్రయాణం. డ్రెస్ సంచి ఒళ్లోనో నెత్తి మీద బెర్తులోనో ఉండాలి, సీటు కింద తోయొద్దు. అక్కడికి చేరాక పిలుపుకి కాస్త ముందు మార్చుకుంటే చాలు. పతకం ఇచ్చేటప్పుడు పూర్తి డ్రెస్ వేసుకుని, బెల్టు కొసలు సమానంగా ఉన్నాయో లేదో చూసుకుని ఎక్కండి. ఫొటో అయ్యాక, అన్నం క్యూలో నిలబడే ముందు మళ్లీ ట్రాక్ సూట్. తిరుగు ప్రయాణంలో పతకం మెడలో ఉంచుకుంటామని చిన్నవాళ్లు అడుగుతారు. ఉంచుకోనివ్వండి. దానికి నా దగ్గర రూలేం లేదు.

దారిలో వేరే క్లాసు పిల్లాడు బెల్టుతో కనబడితే ఆపి పాఠం చెప్పకండి. వాళ్ల మాస్టర్ వాళ్లకి ఏం చెప్పాడో మనకి తెలియదు. మన క్లాసు పిల్లాడే అయితే రోడ్డు మీద ఏమీ అనొద్దు, మర్నాడు హాల్లో, పక్కకి పిలిచి చెప్పండి.

పొట్టిదైపోయిన డ్రెస్‌ని చిన్నవాళ్లకి ఇచ్చేముందు పేరు పట్టీ ఊడదీయండి. ఎవరికీ పనికిరానంత చిరిగిపోతే, బ్యాడ్జి కత్తిరించేసి ఇంట్లో తడిగుడ్డగా వాడుకోండి, నేనూ అదే చేస్తాను. దాటేసిన రంగు బెల్టులు మాత్రం ఉతికి క్లాసుకి తిరిగివ్వండి. తర్వాతి గ్రేడింగ్‌లో కొనుక్కోలేని పిల్లలు ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు.